బయటి ఫోను

ఆమె పోయిన సంగతి నాకు ఒక లింకుతో పాటు వచ్చింది. తెలియని నంబరు నుంచి మెసేజ్. "నేను ఆపా కూతుర్ని. అమ్మ పోయింది అక్కా. రేపు మూడో రోజు. ఇంటికి రండి." దాని కింద నీలం రంగులో ఒక వరస, ఇంటికి దారి చూపించే లింకు.

పెనం మీద దోసె ఉంది. నేను చేసిన మొదటి పని చూపుడు వేలు చున్నీకి తుడుచుకోవడం. వేలికి తడి లేదు, పిండి లేదు, అయినా తుడిచాను. ఫోను గట్టు మీద వెల్లకిలా పెట్టి, ఒక్కసారి తట్టి, వేలు గాల్లోనే ఉంచి ఊపిరి బిగబట్టాను. మ్యాప్ తెరుచుకుంది. కాప్రా చెరువు దాటాక ఒక సందు, ఆ సందులో ఒక ఇంటి మీద ఎర్రచుక్క. 'సరిగ్గానే తెరుచుకుంది' అనుకున్నాను. ఆ తర్వాత ఏడ్చాను. ఈ వరసలో జరిగినందుకు సిగ్గుగానే ఉంది. కానీ ఆ వేలు తుడుచుకోవడం, ఆ ఊపిరి బిగబట్టడం, రెండూ ఆమె దగ్గర నాకు అంటుకున్నవే. దోసె మాడిపోయింది.

మేమంతా ఆమెను ఆపా, అంటే అక్క, అనేవాళ్ళం, ఉర్దూ ముక్క రానివాళ్ళతో సహా. నిజానికి ఆమె ఇంట్లో కూడా ఉర్దూ కంటే తెలుగే ఎక్కువ నడిచేది. జనగామలో తెలుగు మీడియంలో చదువుకున్న మనిషి. నేను సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగినా మా ఇంట్లో మాట బెజవాడది. "మీ తెలుగు ఇస్త్రీ చేసినట్టుంటది బిడ్డా" అని నన్ను ఏడిపించేది.

మెట్టుగూడ నుంచి స్టేషన్ వైపు వెళ్ళే రోడ్డు మీద, ఒక కళ్ళజోళ్ళ దుకాణం పైన మా ఆఫీసు. మొత్తం ఏడుగురం. నేను మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. ఆపా వాటిని వాడి చూసి బాగాలేదని చెప్పేది. ప్రతి పనికీ ఒక షీటు, ఆ షీటు చివర 'చూసినవారు' అని ఒక గడి. ఆ గడిలో ఆపా టిక్ పడితేనే ఆఫీసు నడిపే సార్ యాప్‌ను జనంలోకి వదిలేవాడు. "బాగుంది" అన్న మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు. బాగుంటే టిక్ పెట్టి, లేచి వెళ్ళి మొహం కడుక్కునేది. అంతే మెప్పు.

అంతకు ముందు ఆమె స్టేషన్ దగ్గర ఒక పెద్ద హోటల్లో టెలిఫోన్ ఆపరేటర్. అందరి చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక గదుల్లో ఫోన్లు మోగడం మానేశాయి. హోటలు వాళ్ళు స్విచ్‌బోర్డు పీకేసి ఆ మూల ఒక పూలకుండీ పెట్టారట. "నా కుర్చీల చెట్టును కూసోబెట్టిండ్రు" అనేది, కోపం లేకుండా. మా సార్ ఆమెను మొదట కస్టమర్ల ఫోన్లు ఎత్తడానికి తీసుకున్నాడు. అక్కడి నుంచి టెస్టింగ్‌లోకి వచ్చింది. కోడ్ ఒక్క లైను చదవలేదు. అయినా ఇవతల ఒకరు తట్టింది అవతల అందిందో లేదో ఆమెకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలిసేది కాదు.

"కలిపిన అంటే సరిపోదు బిడ్డా. అవతలి మనిషి హలో అన్నదాక వైరు ఇడువద్దు." వారానికి ఒకసారైనా ఈ మాట నా నెత్తిన పడేది.

లింకును ఒక్కసారే తట్టేది. తెరుచుకోకపోతే నేను వెనక నుంచి "ఇంకోసారి నొక్కండి ఆపా" అనేదాన్ని. "రెండోసారి తడితే అది టెస్టు కాదు, బతిమాలుడు" అని ఫోను నా వైపు తోసేది.

అన్నిటికంటే పెద్ద తంటా బయటి ఫోను. ఆఫీసులో మా ఫోన్లు పదిహేను దాకా ఉండేవి, అన్ని కంపెనీలవీ, అన్ని సైజులవీ. వాటిలో ఎన్నిట్లో పనిచేసినా ఆపాకు లెక్కలేదు. మా గడప ఎప్పుడూ తొక్కని ఫోను ఒకటి కావాలి. అందుకోసం కిందికి దిగి చాయ్ దుకాణం దగ్గరో బస్‌స్టాప్‌లోనో ముక్కూమొహం తెలియనివాళ్ళను అడిగేది. "జెర నీ ఫోను మీద ఒక్కసారి తట్టి చూపిస్తవా నాయనా?" విచిత్రం ఏమిటంటే ఇచ్చేవాళ్ళు. పని అయ్యాక హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న రేకు డబ్బీ తీసి వాళ్ళ చేతిలో ఒక లవంగం పెట్టేది. తర్వాత పొడుగు నోటుబుక్కులో రాసుకునేది: 'చాయ్ దుకాణం. అద్దం పగిలిన ఫోను. తెరుచుకున్నది.' 'పండ్ల బండి ఆమె. తెరుచుకోలేదు.'

"ఇన్ని ఫోన్లు ఉండగా ఈ అడుక్కోవడం ఏమిటి ఆపా?" అన్నానొకసారి.

"మన ఫోన్లు మన చుట్టాలు. మన మొహం చూసి మంచిగుందనే అంటయ్. బయటోళ్ళకేం మొహమాటం?"

నాకు ఒళ్ళు మండేది. అప్పట్లో నాకు ఒళ్ళు తరచూ మండేది.

ఇక ఆ డయాలసిస్ యాప్ సంగతి. ఆరే ఆరు మెషీన్లున్న చిన్న సెంటర్ అది, దాతల మీద నడిచేది. మెషీన్ల కంటే మనుషులు ఎక్కువ. రోజూ పొద్దున నర్సులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి "ఇవాళ మీ వంతు, వస్తున్నారా?" అని అడిగేవాళ్ళు. ఆ ఫోన్లు చేయడంతోనే వాళ్ళ పొద్దు గడిచిపోయేది. దాని బదులు ఒక మెసేజ్ పోవాలి, అందులో లింకు తట్టగానే యాప్ తెరుచుకుని తిన్నగా వాళ్ళ వంతు పేజీలోకి తీసుకెళ్ళాలి. అక్కడ 'వస్తున్నాను' నొక్కితే మెషీన్ వాళ్ళది. అరగంటలో ఏదీ నొక్కకపోతే ఆ వంతు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకు వెళ్ళిపోతుంది. ఆ పేర్లు మార్చే పని సెంటర్ వాళ్ళ పాత కంప్యూటరుది, దాని మీద మాకు చెయ్యి లేదు.

మొదట నేను 'వస్తున్నాను' అన్న ఒక్క బటనే పెట్టాను. ఆపా ఒప్పుకోలేదు. 'రాలేను' కూడా ఉండాలంది, అదీ మొదటిదానంత పెద్దగా.

"రాకపోతే అరగంటలో దానంతటదే పోతుంది కదా!"

"ఆ అర్ధగంట సేపు ఒక కుర్చీ ఊరకే ఉంటది. ఒంట్ల నీళ్ళు నిండినోళ్ళు అవతల ఎదురుచూస్తుంటరు. రానోళ్ళు సుత చెప్పాలె. చెప్పేతందుకు జాగ ఉండాలె."

పెట్టాను. తర్వాత లింకులు చూడ్డం షురూ చేసింది. మొదటిసారి లింకు తడితే యాప్ తెరుచుకుంది గానీ మొదటి పేజీలో ఆగింది. "గది నంబరు చెప్పినోళ్ళను రిసెప్షన్‌కు కలిపినవ్" అని వెనక్కి పంపింది. రెండోసారి, యాప్ అప్పటికే తెరిచి ఉంటే పనిచేస్తోంది, మూసి ఉంటే లేదు. మూడోసారి ఇంకేదో. ఒక్క వారంలో మూడుసార్లు. మూడుసార్లూ ఆమె చెప్పిందే నిజం కావడం నాకు మరీ కంటగింపుగా ఉండేది.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆపా ఎప్పట్లాగే బస్సుకు లేచింది. "స్టోర్‌ల యాప్ వచ్చినంక సోమవారం నేను బయటి ఫోను మీద చూస్త. అప్పుడు మెసేజ్‌లు ఇడుద్దాం" అని మెట్లు దిగింది. మోకాళ్ళ నొప్పి వల్ల ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి దిగేది. ఆరింటికి మా యాప్, జనం తమ ఫోన్లలోకి దింపుకునే స్టోర్‌లోకి వచ్చింది. శని, ఆదివారాల్లో నర్సులు పేషెంట్ల ఫోన్లలో దాన్ని ఎక్కిస్తారు. సోమవారం ఏడింటికే మొదటి మెసేజ్‌లు పోవాలని సెంటర్ డాక్టరు సార్‌ను తొందరపెడుతున్నాడు.

సార్ నా దగ్గరికి వచ్చాడు. "ఆపా చూసిందా?"

నేను ఆఫీసులో ఉన్న ఫోన్లన్నిటి మీదా తట్టి చూశాను, అన్నిటిలోనూ టకీమని తెరుచుకుంది. ఇంక ఆవిడ చూసేదేముంది అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఒక్కసారైనా ఆమె 'ఊఁ' అనకుండా నా పని బయటికి పోవాలనుకున్నాను.

"చూసింది సార్" అన్నాను. షీటు తెరిచి 'చూసినవారు' గడిలో ఆమె పేరు పక్కన టిక్ పెట్టాను. రెండు సెకన్ల పని.

సోమవారం ఏడింటికి ఆఫీసులో సార్, నేను. గోడ మీది స్క్రీన్‌లో పన్నెండు పేర్లు, పొద్దుటి విడత ఆరు, దాని తర్వాతి విడత ఆరు. ఎవరు 'వస్తున్నాను' నొక్కితే వాళ్ళ పేరు ఆకుపచ్చగా మారుతుంది. మెసేజ్‌లు వెళ్ళాయి. రెండు నిమిషాలు, నాలుగు, ఆరు. పన్నెండు పేర్లూ బూడిదరంగులోనే ఉన్నాయి.

నా ఫోన్లో తట్టాను. తెరుచుకుంది. సార్ ఫోన్లో తట్టాడు. తెరుచుకుంది.

"ఇంకా లేచి ఉండరు సార్" అన్నాను. డయాలసిస్ ఉన్న రోజు ఎవరూ ఏడు దాకా పడుకోరని నాకు తెలుసు.

ఆపా ఎప్పట్లాగే అందరికంటే ముందు వద్దామని వచ్చి, మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగింది. స్క్రీన్ చూసింది. "మెసేజ్‌లు పోయినయా?"

"ఏడింటికి" అన్నాడు సార్.

"నేను బయటి ఫోను మీద చూడనే లేదు గదా."

సార్ నా వైపు తిరిగాడు. నేను స్క్రీన్ చూస్తూ ఉండిపోయాను. ఆపా సంచీ బల్ల మీద పడేసి వచ్చిన మెట్లే దిగింది, ఈసారి మెట్టుకు ఒక్క కాలే పెట్టి. కింద పూలమ్మే ఆమె ఫోను పట్టుకుని పైకి వచ్చింది, వెనకాలే పూలామె కూడా. స్టోర్‌లోంచి యాప్ ఎక్కించేసరికి ఏడూ పన్నెండు. మెసేజ్ పంపించాను. ఆపా వేలు తుడుచుకుంది. ఫోను వెల్లకిలా పెట్టింది. తట్టింది.

యాప్ తెరుచుకోలేదు. బ్రౌజర్ తెరుచుకుంది. తెల్లటి పేజీ, అందులో రెండు గడులు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్.

"పేషెంట్లకు పాస్‌వర్డ్ ఏడిది బిడ్డా?"

ఎవరికీ లేదు. యాప్‌లో ఫోను నంబరుతోనే నర్సులు వాళ్ళను లోపలికి పంపారు. ఆ తెల్ల పేజీ మా కోసం, ఆఫీసు వాళ్ళ కోసం.

ఏం జరిగిందో నాకు అప్పటికే తెలిసిపోయింది. లింకు తడితే యాప్ తెరుచుకోవాలంటే, వెబ్‌సైట్లో ఒక చిన్న ఫైలు ఉండాలి, 'ఫలానా ముద్ర ఉన్న యాప్ మాదే' అని చెప్పే ఫైలు. ఫోను ఆ ముద్రను, తనలో ఉన్న యాప్ ముద్రను పోల్చి చూసుకుంటుంది. రెండూ ఒకటైతే యాప్‌ను తెరుస్తుంది, కాకపోతే నోరెత్తకుండా బ్రౌజర్‌కు పంపేస్తుంది. మేం ఆఫీసులో ఎక్కించే యాప్ మీద ఉండేది మా ముద్ర. స్టోర్ వాళ్ళు జనానికి ఇచ్చేటప్పుడు దాని మీద ఇంకో ముద్ర వేస్తారు. నేను ఫైల్లో మాది ఒక్కటే రాశాను. అందుకే మా చుట్టాల ఫోన్లన్నీ తెరుచుకున్నాయి, బయటివి ఒక్కటీ తెరుచుకోలేదు.

ఫైలు సరిచేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కానీ ఫోను ఆ పోలిక చూసుకునేది యాప్ ఎక్కించినప్పుడే. ఆ పన్నెండు ఫోన్లూ మొన్ననే చూసుకుని, కాదని తేల్చేసుకున్నాయి. ఈ పూటకు వాటిని మార్చే దారి లేదు. టైము ఏడూ పదహారు. ఏడున్నరకు పన్నెండు వంతులూ వేరేవాళ్ళకు వెళ్ళిపోతాయి. సెంటర్ నంబరు ఎంగేజ్‌లో ఉంది.

"స్క్రీన్ మీద వాళ్ళ పేరు నొక్కితే వాళ్ళ బదులు మనమే 'వస్తున్నాను' పంపొచ్చు కదా," అన్నాడు సార్. "పన్నెండూ నొక్కేయ్. తర్వాత చూసుకుందాం."

మౌస్ మీద చెయ్యి వేశాను.

"వద్దు" అంది ఆపా. ఆమె గొంతు పెంచడం నేను అప్పుడే విన్నాను. "ఒకరి పేరు మీద ఇంకొకరు నొక్కొద్దు. అడుగుదాం. అడిగి నొక్కుదాం." నా వైపు చూడలేదు. చూడకపోయినా ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

ల్యాండ్‌ఫోను దగ్గరికి లాక్కుంది. రిసీవర్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, లిస్టు ముందు పెట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టింది. ఆపా గొంతు మారిపోయింది. నాకు తెలిసిన జనగామ గొంతు ఎటో పోయి, నింపాదిగా, నున్నగా ఇంకో గొంతు వచ్చింది.

"నమస్కారమండీ. డయాలసిస్ సెంటర్ తరఫున మాట్లాడుతున్నాం. ఇవాళ మీ వంతు ఉంది. వస్తున్నారా?"

మొదటి మనిషి బోయిన్‌పల్లి మార్కెట్లో బస్తాలు దించే అతను. వెనకాల వేలం పాటల అరుపులు నాకు కూడా వినబడుతున్నాయి. "వస్తున్నమ్మా, వస్తున్న! మెసేజ్ తడితే పాస్‌వర్డ్ అడగవట్టె. పరేషాన్ అయిన. నాకేడిది పాస్‌వర్డు!"

"లైన్‌లో ఉండండి" అని వేలెత్తింది. నేను నొక్కాను. ఆకుపచ్చ. "మీ వంతు ఖాయమైంది. ధన్యవాదాలు." అప్పటికే రెండో నంబరు తిప్పుతోంది.

రెండు, మూడు, నాలుగు. నాలుగో ఆవిడకు రాత్రి నుంచి జ్వరమట, రాలేనంది. ఆపా సార్ వైపు ఒక్క చూపు చూసింది. నేను 'రాలేను' నొక్కాను, వెంటనే ఆ చోట వెయిటింగ్‌లో ఉన్న ఇంకెవరిదో పేరు వచ్చింది. అందరి పేర్లూ గుడ్డిగా నొక్కేసి ఉంటే ఆ మెషీన్ నాలుగు గంటలు ఖాళీగా ఉండేది. సార్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. పూలామె ఇంకా వెళ్ళలేదు, గుమ్మంలో నిలబడి పేర్లు లెక్కపెడుతోంది.

ఏడూ ఇరవై నాలుగుకి పదకొండు అయ్యాయి. పన్నెండో మనిషి మెట్టుగూడలో ఉండే రైల్వే పెద్దాయన. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"బండి తియ్యి" అంది నాతో.

ఆ సందు మా ఆఫీసుకు రెండు నిమిషాల దూరం. నేను స్కూటీ ఎలా నడిపానో నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఒకటే, 'ఏమీ కాకూడదు, ఏమీ కాకూడదు' అని పైకే అంటున్నాను. తలుపు తీసే ఉంది. పెద్దాయన మంచం మీద కూర్చుని ఫోనును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. ఫోను మోగుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు, ఎత్తడం లేదు.

"ఫోన్ మోగుతోంది కదండీ, ఎత్తరేం?"

"ఎత్తితే ఈ పేజీ పోతదేమోనమ్మా. పొద్దుటి సంది పాస్‌వర్డ్ కొట్టి చూస్తున్న. పింఛను నంబరు కొట్టిన. మా ఆమె పేరు కొట్టిన. ఏదీ పడుతలేదు. ఇది పోతే నా వంతు పోతది గదా."

ఆ పేజీ నేను రాసిందే.

ఆయన చేతిలోనే ఫోను ఎత్తి, స్పీకర్ పెట్టి అరిచాను. "ఆపా, ఉన్నారు! వస్తారట!"

"ఆయన్ను చెప్పమను."

ఏడూ ఇరవై ఎనిమిది. ఫోను ఆయన చెవి దగ్గర పెట్టాను.

"హలో" అన్నాడు పెద్దాయన, భయం భయంగా.

"నమస్కారం సర్. ఇవాళ మీ వంతు ఉంది. వస్తున్నారా?"

"వస్తున్నమ్మా."

"ఖాయమైంది సర్. నిదానంగా రండి."

నేను ఆ గుమ్మంలోనే కూర్చున్నాను. ఆయన నాకు మంచినీళ్ళు తెచ్చాడు. ఆయన రోజుకు ఇన్ని గుక్కలని లెక్కగా తాగాల్సిన నీళ్ళు, నాకు గ్లాసు నిండా తెచ్చి ఇచ్చాడు.

ఆ రోజు ఐదింటికి ఆపా సంచీ సర్దుకుంటూ అడిగింది. "శుక్రవారం నా గడిల టిక్ ఎవరు పెట్టిండ్రు?"

"నేనే ఆపా."

"ఎందుకు?"

పొద్దుటి నుంచి పది సమాధానాలు తయారుచేసుకున్నాను. అవన్నీ వదిలేశాను. "మీ మీద కోపంతో" అన్నాను.

డబ్బీ తీసి ఒక లవంగం నోట్లో వేసుకుంది. నాకు ఇవ్వలేదు. అన్నేళ్ళలో నాకు ఇవ్వకపోవడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి. "సార్‌కు నువ్వే చెప్పు. నేను చెప్తే చాడీ అయితది" అని వెళ్ళిపోయింది.

చెప్పాను. సార్ కేకలు కింద కళ్ళజోళ్ళ దుకాణం దాకా వినబడి ఉంటాయి. తిట్లన్నీ తిన్నాక కిందికి దిగితే ఆపా చాయ్ దుకాణం దగ్గర నిలబడి ఉంది. నాకు తెలిసి ఆమె బస్సు వదులుకోవడం అదొక్కసారే.

"ఫైలు సరిచేసినవ్ గదా. తెరుచుకుంటదా?"

"తెరుచుకుంటుంది ఆపా."

"ఎట్ల తెలుసు?" అని, చాయ్ తాగుతున్న ఒక నడివయసు మనిషిని గడ్డంతో చూపించింది. "అడుగు."

నాకు కొత్తవాళ్ళను అడ్రస్ అడగడం కూడా చేతకాదు. వెళ్ళాను. "అన్నా, మీ ఫోన్లో ఒక యాప్..." అనేలోపే ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "ఏందమ్మా, ఓటీపీ గిట్ల అడుగుతవా? మస్తు మందిని చూసిన."

వెనక్కి చూశాను. ఆపా రోడ్డు వైపు తిరిగి నిలబడింది. సాయానికి రాదని అర్థమైంది. అప్పుడు పొద్దున జరిగిందంతా ఆయనకు చెప్పాను, తప్పు నాదేనని కూడా. ముక్కు కారిపోతోంది. "మీ ఫోను మీ చేతిలోనే ఉండనివ్వండి. మీరే తట్టండి. నాకు చూపిస్తే చాలు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, యాప్ ఎక్కించుకుని, లింకు తట్టాడు. తెరుచుకుంది.

ఆపా వచ్చి ఆయన చేతిలో ఒక లవంగం పెట్టింది. తర్వాత నా చేతిలో ఒకటి. నోటుబుక్కు తెరిచి పెన్ను ఇచ్చి "నువ్వే రాయి" అంది. చాయ్ గ్లాసులు పెట్టే బల్ల మీదే రాశాను. 'చాయ్ దుకాణం. ఆకుపచ్చ కవరు. తెరుచుకుంది.' కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, నోటుబుక్కు సంచీలో పెట్టుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మోకాళ్ళ పేరు చెప్పి ఉద్యోగం మానేసింది. మొదట్లో నెలకోసారి ఫోన్ చేసేదాన్ని. తర్వాత రంజాన్‌కు. తర్వాత మెసేజ్. "ఒంట్ల జెర తక్లీఫ్ ఉంది బిడ్డా, నువ్వు మంచిగున్నవా?" అని రాసేది. ఏం తక్లీఫ్ అని నేను అడగలేదు. నేను మంచిగానే ఉన్నానని జవాబిచ్చేదాన్ని.

మూడో రోజు కాప్రా ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి, చుట్టుపక్కల ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మెసేజ్ పెట్టింది ఆపా కూతురు. నా పేరు చెప్పగానే చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. మంచం, మంచం పక్కన అలమర, అందులో రేకు డబ్బీ, పక్కన ఆపా ఫోను.

"ఎలా జరిగిందమ్మా?"

"కిడ్నీలు అక్కా. రెండేండ్ల సంది డయాలసిస్." సెంటర్ పేరు చెప్పింది. మా సెంటరే. "మీకు చెప్పొద్దన్నది. చెప్తే పని ఇడిచిపెట్టి ఉరికొస్తదన్నది."

నేను ఉరికి వచ్చేదాన్నా? వచ్చేదాన్ననే అనుకుంటున్నాను. రెండేళ్ళుగా ఆమె పేరు మా ఆఫీసు గోడ మీది స్క్రీన్‌లో వారానికి మూడుసార్లు ఆకుపచ్చగా మారి ఉంటుంది. నేను ఆ పేర్లు చదవడం ఎప్పుడో మానేశాను.

"మెసేజ్ వచ్చినప్పుడల్లా వేలు తుడుచుకొని తట్టేది," అంది ఆ అమ్మాయి. "తెరుచుకోంగనే ఇంట్ల ఎవరుంటే వాళ్ళకు చూపించేది. మా బిడ్డ కలిపింది, చూడు మంచిగున్నది, అనేది."

మంచిగున్నది. అన్నేళ్ళు నేను ఎదురుచూసిన మాట. నేను వినే చోట అనకుండా ఇక్కడ కూర్చుని అందరికీ చెప్పిందన్నమాట. నాకు ఆమె మీద మళ్ళీ పాత కోపం వచ్చింది, దానితో పాటే దుఃఖం కూడా.

అలమరలో ఫోను మోగింది. పదకొండు. ఇప్పుడు మెసేజ్‌లు రోజుకు రెండు విడతలు, ఏడింటికోసారి, పదకొండింటికోసారి. ఇద్దరం ఫోను వైపు చూశాం. 'ఇవాళ మధ్యాహ్నం మీ వంతు. అరగంటలోగా తెలియజేయండి.' కింద నీలం వరస.

"సెంటర్‌కు చెప్పాల్నని యాదికే లేదక్కా" అంది ఆ అమ్మాయి.

ఫోను చేతిలోకి తీసుకున్నాను. అది మా ఆఫీసు గడప ఎప్పుడూ తొక్కని ఫోను. మంచం మీద వెల్లకిలా పెట్టాను. వేలు చున్నీకి తుడుచుకున్నాను, ఈసారి నిజంగానే తడి ఉంది. ఒక్కసారి తట్టాను.

తెరుచుకుంది. తిన్నగా ఆమె పేజీ. పైన ఆమె పూర్తి పేరు, కింద ఒకదానంత పెద్దది ఇంకొకటి, రెండు బటన్లు. నా వేలు వాటి మీద ఆగిపోయింది.

"నువ్వు నొక్కమ్మా" అన్నాను. "ఒకరి పేరు మీద ఇంకొకరు నొక్కకూడదు. మీ అమ్మ ఊరుకోదు."

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "నాతోని కాదు. మీరే నొక్కుండ్రి అక్కా. నేను చెప్తున్న గదా."

అవతల ఎవరో ఎదురుచూస్తున్నారు. 'రాలేను' నొక్కాను. ఆపా పేరు పోయింది. ఆ క్షణంలో ఊళ్ళో ఇంకెవరి ఫోనో మోగి ఉంటుంది. వాళ్ళు తట్టి ఉంటారు.

ఫోను అలమరలో పెట్టి, మా ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నం వంతు ఎవరికి వెళ్ళిందో, వాళ్ళు 'వస్తున్నాను' అన్నారో లేదో స్క్రీన్‌లో చూడమన్నాను. చూస్తాం, మళ్ళీ చేస్తాం అన్నారు. వద్దు, లైన్‌లోనే ఉంటాను అన్నాను.